వీసా ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది?

మన ఇళ్లలో విదేశాంగ విధానం అనే మాట ఎవరూ వాడరు. "వాడికి స్టాంపింగ్ అయిందా?", "పెద్దమ్మాయి గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది?", "రాయచోటి బావగారి అబ్బాయి కువైట్‌లోనే ఉన్నాడా?" అని అడుగుతాం. వయ్యాలికావల్, మల్లేశ్వరం, జయనగర్, కె.ఆర్.పురం, ఎక్కడ చూసినా మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ మాటలు వినపడని ఇల్లు తక్కువ. ఢిల్లీలో జరిగే చర్చలు, వాషింగ్టన్‌లో పడే సంతకాలు చివరికి తేలేది మన వంటింట్లోనే.

ఈ రెండు నెలల్లో సంఘం కార్యాలయానికి వచ్చిన ఫోన్లలో చాలావాటిలో ప్రశ్న ఒక్కటే. "కార్యదర్శిగారూ, మన ప్రభుత్వం ఏం చేస్తోందండీ? గట్టిగా ఎందుకు అడగడం లేదు?" కోపంలో న్యాయం ఉంది. అయితే జవాబు చెప్పాలంటే ముందు ఒకటి తేల్చుకోవాలి. మన పిల్లల ఫైలు అసలు ఏ బల్ల మీద ఉంది? ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నాకు మొదట తట్టేది అదే. ఫైలు ఒక సెక్షన్‌లో ఉంటే ఇంకో సెక్షన్ ఆఫీసరు గదిముందు నిలబడి అరిచి లాభం లేదు.

సెప్టెంబరు సంగతి

2025 సెప్టెంబరు 19, శుక్రవారం అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని దాని సారాంశం. అప్పటి మారకంలో సుమారు 88 లక్షల రూపాయలు. సెప్టెంబరు 21 నుంచి అమలు. ఆ రోజు మనకు మహాలయ అమావాస్య. మర్నాటి నుంచి దసరా నవరాత్రులు. పితృకార్యానికో పండక్కో ఇంటికొచ్చిన పిల్లలు పెట్టెలు సర్దుకుని విమానాశ్రయానికి పరుగెత్తిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అమెరికాలో విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు కొందరు దిగిపోయారని పత్రికల్లో వచ్చింది. టికెట్ల ధరలు ఒక్కపూటలో ఎక్కడికో పోయాయి.

శనివారం వైట్ హౌస్ వివరణ ఇచ్చింది. ఇది ఏటా కట్టేది కాదు, ఒక్కసారే. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు, పొడిగింపులకు వర్తించదు. అక్టోబరు 20న అక్కడి వలస శాఖ ఇంకో మాట చేర్చింది. అమెరికాలోనే చదువుకుంటూ విద్యార్థి వీసా నుంచి హెచ్-1బికి మారేవారికి కూడా ఈ రుసుము లేదు. అంటే దెబ్బ ప్రధానంగా ఎవరికి? బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కంపెనీ పంపితే వెళ్దామని చూస్తున్న ఇంజనీరుకు. డల్లాస్‌లో చదువు ముగిస్తున్న మీ మేనకోడలికి కాదు. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్లలో నిద్రలు పోయాయో!

ఆఫీసులో మాకు కొత్త సర్క్యులర్ వస్తే ముందు చూసేవి మూడే. ఏ తేదీ నుంచి అమలు, ఎవరికి వర్తిస్తుంది, ఎంతకాలం. ఈ ఉత్తర్వులో మూడూ రాసే ఉన్నాయి. తేదీ చెప్పాను. వర్తించేది కొత్త దరఖాస్తుకు. కాలం 12 నెలలు, పొడిగించే వీలుతో. ఇంకా దావాలు అక్కడి కోర్టుల్లో నడుస్తున్నాయి. వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో ఈ మూడూ ఉండవు, అరుపు మాత్రం ఉంటుంది.

మన విదేశాంగ శాఖ అధికార ప్రతినిధి ఆ మర్నాడే ప్రకటన ఇచ్చారు. కుటుంబాలకు కలిగే ఇబ్బంది మానవీయ సమస్య అని, అమెరికా అధికారులు తగిన పరిష్కారం చూస్తారని ఆశిస్తున్నామని. చాలామందికి అది మరీ మెత్తగా అనిపించింది. కానీ అంతకన్నా గట్టిగా ఏం రాయగలరు? తన దేశంలోకి ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది, మనకూ ఉంది. అమెరికా వలస చట్టంలోని ఒక సెక్షన్, విదేశీయుల ప్రవేశం దేశ ప్రయోజనానికి హాని అనుకుంటే ఆపే అధికారం అధ్యక్షుడికి ఇస్తుంది. 2017లో కొన్ని ముస్లిం దేశాలవారి మీద పెట్టిన నిషేధం ఇదే సెక్షన్ కింద వచ్చింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కాబట్టి ఈ ఫైలు మొదటి బల్ల వాషింగ్టన్‌లో ఉంది.

వాళ్ల వాదన కూడా ఒకసారి వినాలి. మా పట్టభద్రులను ఇంట్లో కూర్చోబెట్టి తక్కువ జీతానికి బయటివాళ్లను తెస్తున్నారన్నది అక్కడి ఉద్యోగి ఫిర్యాదు. కొన్ని కన్సల్టెన్సీలు చేసిన పనులు చూస్తే అందులో నిజం బొత్తిగా లేదనలేం. ఒకే మనిషికి నాలుగు కంపెనీల పేర్లతో లాటరీలో చీటీలు వేసినవాళ్లలో మన భాషవాళ్లూ ఉన్నారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్-1బిల్లో 71 శాతం భారతీయులవే. చైనావాళ్లవి 12 శాతం లోపు. ఇంత పెద్ద వాటా ఒకే దేశానికి ఉన్నప్పుడు ఆ వీసా మీద పడే ప్రతి రాయీ మనకే తగులుతుంది.

అర్జీ ఉంది, ఫైలు కదల్లేదు

వీసా పూర్తిగా వాళ్ల ఇంటి వ్యవహారమేనా అంటే, కాదు. ఈ సంగతి మన పత్రికల్లో పెద్దగా రాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రపంచ వాణిజ్య సంస్థలో సేవల వ్యాపారానికి ఒక ఒప్పందం ఉంది. సరుకు ఓడలో వెళ్లినట్టే, సేవ మనిషి రూపంలో వెళ్తుందని ఆ ఒప్పందం ఒప్పుకుంటుంది. దాని కింద అమెరికా ఇచ్చిన మాటల్లో ఏడాదికి 65 వేల మంది ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారిని రానిస్తామన్నది ఒకటి. హెచ్-1బి పరిమితిగా మనం వింటున్న సంఖ్య అదే. 1990 చట్టం పెట్టిన ఆ పరిమితిని వై2కె రోజుల్లో పెంచుకుంటూ పోయి 2001 నుంచి 2003 దాకా 1,95,000 చేశారు. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్లంతా విమానం ఎక్కింది ఆ కాలంలోనే. 2004కు మళ్లీ 65 వేలకు దించారు. తర్వాత అక్కడి మాస్టర్స్ డిగ్రీ ఉన్నవారికి ఇంకో 20 వేలు చేర్చారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని అక్కడి జనాభా సర్వే లెక్క. ఆ కాలంలో అంత వేగంగా పెరిగిన పెద్ద భాష అక్కడ ఇంకొకటి లేదు. సంతోషించాం, కానీ ఈ నిచ్చెన ఎంత సన్నదో అప్పుడు ఎవరూ చూడలేదు.

రుసుముల పోటు కొత్తది కాదు. 2010లో, ఉద్యోగుల్లో సగానికి మించి ఇలాంటి వీసాల మీద ఉన్న కంపెనీలకు హెచ్-1బి ఒక్కింటికి 2,000 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. 2015 డిసెంబరులో దాన్ని 4,000 చేశారు. చట్టంలో ఏ దేశం పేరూ లేదు, కానీ ఆ కొలతలకు సరిపోయేవి ఎక్కువగా మన సాఫ్ట్‌వేర్ కంపెనీలే. 2016 మార్చిలో భారతదేశం దీన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ ముందుకు తీసుకెళ్లింది. వివాదం సంఖ్య 503.

తర్వాత ఏమైంది? సంప్రదింపుల దశ దాటలేదు. అర్జీ పెట్టాం, ఇన్‌వార్డ్ నంబరు పడింది, ఫైలు అక్కడే ఉంది. ఒకవేళ ముందుకు కదిలి గెలిచినా పై అప్పీలు వినే బాడీకి సభ్యులు లేరు. కొత్తవారి నియామకాన్ని అమెరికాయే అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. జడ్జి లేని కోర్టులో వాయిదా ఎన్నాళ్లు అడుగుతాం? ఇప్పుడు లక్ష డాలర్ల మీద ఇంకో అర్జీ వేయమని సలహా ఇచ్చే పెద్దలు ఈ పాత అర్జీ గతి చూసి చెప్పాలి.

చమురు, రొయ్య, వీసా

ఇక రెండో బల్ల, వాణిజ్య చర్చల బల్ల. 2025 ఫిబ్రవరిలో మోదీ, ట్రంప్ కలిసినప్పుడు రెండు దేశాల వ్యాపారాన్ని 2030 నాటికి 50 వేల కోట్ల డాలర్లకు చేర్చాలని, ఒప్పందం చేసుకోవాలని అనుకున్నారు. ఆ చర్చలు నడుస్తుండగానే ఆగస్టు 7న మన సరుకుల మీద 25 శాతం సుంకం పడింది. రష్యా చమురు కొంటున్నామన్న పేరుతో ఆగస్టు 27 నుంచి ఇంకో 25. మొత్తం 50.

ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మనం కొనే చమురులో రష్యాది 2 శాతం కూడా ఉండేది కాదు. తర్వాత మూడో వంతు దాటింది. చవకగా వచ్చింది, కొన్నాం. ఎక్కడ కొనాలో ఇంకొకరు చెప్పకూడదన్న ఢిల్లీ మాట సరైనదేనని నా అభిప్రాయం. అయితే ఆ మాట ధర ఎవరు కట్టారు? పెట్రోలు బంకులో మన బిల్లు ఏమీ తగ్గలేదు. ధర కట్టింది భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల రైతు. 2024-25లో మన దేశం నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యలే. వాటిని ఎక్కువగా కొనేది అమెరికా, ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. రష్యా చమురు మీద పెట్టిన జరిమానా గోదావరి జిల్లాల రొయ్య మీద పడింది. అంతర్జాతీయ రాజకీయం అంటే ఇదే. తగాదా ఒకచోట, దెబ్బ ఇంకోచోట.

అదే బల్ల మీదికి సెప్టెంబరులో వీసా కూడా చేరింది. మనవాళ్లు చమురు గురించి మాట్లాడితే వాళ్లు మొక్కజొన్న, పాల ఉత్పత్తుల గురించి మాట్లాడతారు. మనం వీసా అంటే, అది వాణిజ్యం కాదు, వలస చట్టం అంటారు. మనకు మనిషి వెళ్లడం ఎగుమతి. వాళ్లకు అది సరిహద్దు వ్యవహారం. ఈ ఒక్క మాట దగ్గరే పాతికేళ్లుగా చర్చ ఆగిపోతోంది. లాటరీ, రుసుము, కోటా, ఏదైనా ఇంకో ప్రభుత్వం వచ్చి మార్చవచ్చు, మరో ప్రభుత్వం వచ్చి తిరగరాయవచ్చు.

గ్రీన్ కార్డు మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఉద్యోగం ఆధారంగా అమెరికా ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు ఇస్తుంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదని నియమం. ఐస్‌లాండ్‌కూ అంతే, 140 కోట్ల మంది ఉన్న మనకూ అంతే. అందుకే 2013 ప్రాంతంలో దరఖాస్తు పెట్టిన మనవాళ్ల వంతు 2025లో నడిచింది. చిన్నప్పుడు తల్లిదండ్రుల వీసా మీద వెళ్లిన పిల్లలు ఇరవై ఒకటి నిండితే ఆ వరస నుంచి బయటికి వస్తారు. అక్కడే పెరిగి, అక్కడే చదివి, ఇరవై ఒకటో ఏట విద్యార్థి వీసా కోసం పరుగెత్తే మనవళ్లు, మనవరాళ్లు మన సంఘం కుటుంబాల్లోనే ఉన్నారు. ఇది మార్చాలంటే అమెరికా కాంగ్రెస్ మార్చాలి. బిల్లులు ఎన్నో వచ్చాయి, ఒక్కటీ గట్టెక్కలేదు.

మన ప్రభుత్వం చేయగలిగింది ఏమిటి?

మూడో బల్ల ఢిల్లీది. ఇక్కడ అడిగితే కదిలే ఫైలు ఒకటి ఉంది. దాని పేరు సామాజిక భద్రతా ఒప్పందం. వీసా అంత సందడి దీనికి లేదు, టీవీలో చర్చ జరగదు. కానీ డబ్బు లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి.

అమెరికాలో హెచ్-1బి మీద పనిచేసేవారి జీతంలోంచి 6.2 శాతం సోషల్ సెక్యూరిటీ కింద కోస్తారు. కంపెనీ అంతే కడుతుంది. వృద్ధాప్య పింఛను రావాలంటే అక్కడ పదేళ్లు, వాళ్ల లెక్కలో 40 త్రైమాసికాలు, పనిచేసి ఉండాలి. హెచ్-1బి కాలం మామూలుగా ఆరేళ్లు. ఏడాదికి లక్ష డాలర్ల జీతగాణ్ణి తీసుకోండి. ఏడాదికి 6,200 డాలర్లు. ఆరేళ్లకు 37,200. రూపాయల్లో 32 లక్షలకు పైన. ఉద్యోగం పోయి, లేదా అమ్మానాన్నలను చూసుకోవాలని బెంగళూరు తిరిగొస్తే ఆ డబ్బు మీద పింఛను రాదు, తిరిగీ ఇవ్వరు. కంపెనీ కట్టింది వేరే. వీసా లాటరీలో ఓడిపోయినవాడికి పోయింది అవకాశం. వీడికి పోయింది సంపాదించిన సొమ్ము.

అమెరికా ఇలాంటి ఒప్పందాలు 30 దేశాలతో చేసుకుంది. మొదటిది 1978లో ఇటలీతో. జపాన్, దక్షిణ కొరియా, బ్రెజిల్ కూడా అందులో ఉన్నాయి. కొద్దికాలానికి కంపెనీ పంపినవారు అక్కడ కట్టనక్కర లేదు, స్వదేశంలో కడితే చాలు. ఎక్కువకాలం ఉన్నవారికి రెండు దేశాల్లో పనిచేసిన కాలం కలిపి పింఛను లెక్క కడతారు. మనతో మాత్రం లేదు. ఏళ్ల తరబడి మాటలే. అక్కడి చట్టం ప్రకారం అవతలి దేశంలో జనం అందరికీ వర్తించే భద్రతా పథకం ఉండాలట. మన పీఎఫ్ సంఘటిత రంగానికే కదా అన్నది వాళ్ల అభ్యంతరం. 2015లో మన జనాభాలో 19 శాతానికే ఏదో ఒక సామాజిక భద్రత ఉండేదని, 2025 నాటికి అది 64 శాతం దాటిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. పాత అభ్యంతరానికి ఇప్పుడు కొత్త జవాబు ఉందన్నమాట.

మిగతా దేశాలతో మనవాళ్లు ఈ పని చేసుకొచ్చారు కూడా. బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, కెనడా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా వంటి దేశాలతో ఒప్పందాలున్నాయి. ఆ దేశాలకు మీ అబ్బాయిని కంపెనీ పంపితే, ఇక్కడి పీఎఫ్ సంస్థ నుంచి కవరేజీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. అది చూపిస్తే ఒప్పందంలో రాసిన గడువు వరకు అక్కడ కోత ఉండదు. ఇంత చిన్న కాగితం సంగతి తెలియక రెండుచోట్లా కట్టినవాళ్లు నాకు తెలుసు.

2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దానితోపాటు, కొద్దికాలానికి వెళ్లిన ఉద్యోగి ఒప్పుకున్న గడువు వరకు అక్కడ కట్టకుండా ఇక్కడే పీఎఫ్ కట్టుకునే ఒడంబడిక కుదిరింది. 2025లో అది ఇంకా అమలులోకి రాలేదు. అక్కడి ప్రతిపక్షాలు దీనిమీద చాలా గొడవ చేశాయి. అయినా సంతకం పడింది. బ్రిటన్‌తో అయింది అమెరికాతో ఎందుకు కాదని అడిగే హక్కు మనకుంది. వాణిజ్య చర్చలు ఇప్పుడే నడుస్తున్నాయి కాబట్టి ఇప్పుడే అడగాలి.

దీనిమీద మన చేతిలో ఒక బెత్తం కూడా ఉంది. 2008 అక్టోబరు నుంచి, ఒప్పందం లేని దేశాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవారు పూర్తి జీతం మీద పీఎఫ్ కట్టాలని కేంద్రం నియమం పెట్టింది. మీరు మా వాళ్ల దగ్గర కోస్తే మేమూ కోస్తాం అన్నట్టు. దాన్ని మన కర్ణాటక హైకోర్టే 2024 ఏప్రిల్‌లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఢిల్లీ హైకోర్టు మాత్రం 2025 నవంబరులో సమర్థించింది. ఎటు తేలుతుందో పైకోర్టు చూడాలి. బెత్తం విరిగితే బేరంలో బలం తగ్గుతుంది.

వేరే తలుపులూ ఉన్నాయి. 2022 డిసెంబరులో జర్మనీతో వలస ఒప్పందం కుదిరింది. 2024 అక్టోబరులో జర్మనీ మన నైపుణ్య కార్మికులకు ఏడాదికిచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది. ఆస్ట్రేలియాతో 2023 మేలో ఒప్పందమైంది. ఇంగ్లీషు చాలదు, జర్మన్ నేర్చుకోవాలి అనగానే మన తల్లిదండ్రులు మొహం తిప్పుకుంటారు. బెంగళూరులో పుట్టిన మన పిల్లలు తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, హిందీ నాలుగూ మాట్లాడతారు. ఐదోది వాళ్లకు భారమా?

ఇక్కడే ఉంటాం, మాకెందుకు అనుకునే ఇళ్లకు కూడా ఒక మాట. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి రింగు రోడ్డు మీద కనిపించే విదేశీ కంపెనీల కార్యాలయాల్లో పనిచేసే మన పిల్లల జీతం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2025 సెప్టెంబరులో అమెరికా సెనేట్‌లో ఒక సభ్యుడు బిల్లు పెట్టారు. బయటి దేశాలకు పని ఇచ్చి డబ్బు చెల్లించే కంపెనీల మీద 25 శాతం పన్ను వేయాలని. ఇది బిల్లు మాత్రమే, చట్టం కాలేదు. కానీ మనిషిని రానివ్వకపోతే పని అతని దగ్గరికే వెళ్తుందని వాళ్లకూ అర్థమైంది. అలాగే డబ్బు పంపడం మీద పన్ను గురించి వచ్చే వదంతులు. మొదట 5 శాతం అన్నారు, చివరికి 2025 జులై 4న చట్టమైంది 1 శాతం, అదీ నగదు, మనీ ఆర్డరు వంటి వాటితో పంపితేనే, 2026 జనవరి 1 నుంచి. అక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. అమ్మాయి పంపే డబ్బు ఆగిపోతుందని బెంగ పెట్టుకోనక్కర లేదు.

రాసి ఉన్నదే నిలిచింది

పెద్దవాళ్లకు బర్మా గుర్తుండాలి. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూలి కోసం వెళ్లినవారిని రంగూన్‌లో కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి ఎందరో చనిపోయారు. 1937లో బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. 1942లో జపాన్ సైన్యం రావడంతో కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. మిగిలినవారి దుకాణాలు, సంస్థలు 1960లలో నే విన్ సైనిక ప్రభుత్వం జాతీయం చేసింది. 1964లో పెద్ద నోట్లు రద్దు చేసింది. కట్టుబట్టలతో ఓడ ఎక్కారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ పేరు మోస్తూ ఇప్పటికీ ఉంది. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు నడిచాయి గానీ, వాళ్లు దాచుకున్నది వాళ్లవెంట తెచ్చే కాగితం ఏదీ అప్పటికి లేదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు కథ వేరు. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. ఆలింగనం చేసుకున్న ఫొటో చూసి లోకం తిట్టిపోసింది. కానీ దారి తెరుచుకుంది. అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా 488 విమానాల్లో సుమారు 1,70,000 మంది ఇల్లు చేరారు. వాళ్లలో కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఉన్నారు. ఆ ఫొటో నాకు ఇప్పటికీ మింగుడు పడదు, ఆ విమానాలు మాత్రం కళ్ల ముందు కనిపిస్తాయి. విదేశాంగ విధానంలో ఇలాంటి బేరాలు ఉంటాయి.

గల్ఫ్‌కు వెళ్లేవారికి నేటికీ రక్షణ మన చట్టంలోనే ఉంది, 1983 వలస చట్టంలో. పదో తరగతి పాస్ కానివారు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి. లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరుందో లేదో చూసుకోవచ్చు. అలా వెళ్లినవారికి పది లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద దొంగదారిన వెళ్లినవారికి ఇదేదీ లేదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనం కాలి 45 మంది భారతీయులు చనిపోయారు. ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. అలాంటి రోజున ఇంటివాళ్లు మొదట వెతికేది ఆ కాగితాలే. 1983 చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో ప్రజాభిప్రాయానికి పెట్టింది. గల్ఫ్‌లో బంధువులున్నవారు దాన్ని తప్పక చదవాలి.

బెంగళూరు తెలుగువాళ్లం ఎవరిని అడగాలి?

ఇది మనకే ప్రత్యేకమైన చిక్కు. ఏదైనా జరిగితే మనం అలవాటుగా అమరావతి వైపో, హైదరాబాదు వైపో చూస్తాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రవాసుల సంస్థలు తమ రాష్ట్రాలవారి కోసం పెట్టినవి. మన పాస్‌పోర్టులో చిరునామా బెంగళూరు. భాష తెలుగైనా, రాష్ట్రం కర్ణాటక. ఇక్కడి ప్రభుత్వం వారి ఎన్ఆర్ఐ ఫోరం మనకూ చెందుతుంది, కన్నడంలోనే అడుగుదాం, అడ్డేముంది?

అసలు అధికారం మాత్రం కేంద్రానిదే. రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 10వ అంశం విదేశాంగ వ్యవహారాలు, 14వది ఒప్పందాలు, 19వది వలస, పాస్‌పోర్టులు, వీసాలు. ముఖ్యమంత్రికి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగితే పత్రికలో వస్తుంది, ఫైలు కదలదు. మన ఎంపీ లోక్‌సభలో ప్రశ్న వేస్తే మంత్రి రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. ఆ జవాబు రికార్డులో ఉంటుంది. ఎవరైనా విదేశంలో చిక్కుకుంటే కేంద్రం వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే నంబరు వస్తుంది. నంబరు ఉన్నదాన్ని వెంటాడవచ్చు.

బెంగళూరులో అమెరికా కాన్సులేట్ వస్తోందని 2025 జనవరి 17న ప్రకటించారు. వీసా పని మాత్రం ఇక్కడ ఇంకా మొదలు కాలేదు. చెన్నైకో హైదరాబాదుకో వెళ్లక తప్పదు. ఏజెంట్లు "బెంగళూరు స్లాట్" అంటూ డబ్బు అడిగితే ఇవ్వకండి.

సంఘం కార్యవర్గం గత ఆదివారం కూర్చుని ఒక నిర్ణయం తీసుకుంది. బెంగళూరు నుంచి ఎన్నికైన లోక్‌సభ సభ్యులందరికీ ఒకే లేఖ పంపుతున్నాం. లక్ష డాలర్ల రుసుము రద్దు చేయించండి అని అందులో రాయలేదు. కొందరు సభ్యులకు అది నచ్చలేదు, వాదన చాలాసేపు జరిగింది. అడిగింది రెండే. అమెరికాతో వాణిజ్య చర్చల్లో సామాజిక భద్రతా ఒప్పందం ఏ దశలో ఉందో సభలో ప్రశ్న వేయాలి. మన దేశం నుంచి వెళ్లినవారు అక్కడ కట్టి, పింఛను రాకుండా వదులుకున్న మొత్తం ఎంతో ప్రభుత్వం లెక్క చెప్పాలి.

అమెరికాలో పనిచేసి పదేళ్లు నిండకుండా తిరిగి వచ్చినవారు మీ ఇంట్లో ఉంటే, ఎన్నేళ్లు పనిచేశారో, ఏటా ఎంత కోత పడిందో వారి డబ్ల్యూ-2 పత్రాలు చూసి ఒక కాగితం మీద రాసి తీసుకురండి. పేర్లు బయటపెట్టం, మొత్తాలు మాత్రమే లేఖకు జతచేస్తాం. కార్యాలయం ఆదివారాలు ఉదయం 10 నుంచి 1 దాకా తెరిచి ఉంటుంది. లేఖ నకలు అక్కడే బల్ల మీద ఉంటుంది, చదివి సంతకం చేయవచ్చు.